తమ్ముడికి చెప్పలేదు

మా అక్క దగ్గర ఒక నోట్ పుస్తకం ఉంది. బడిపిల్లలు వాడే రెండువందల పేజీల రూళ్ల పుస్తకం. అట్ట మీద అమ్మ పేరు, నాన్న పేరు, పక్కన బ్లడ్ గ్రూపులు, కింద డాక్టర్ల ఫోన్ నంబర్లు. 2017లో అమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగినప్పుడు మొదలుపెట్టింది. ఇప్పుడు రాస్తున్నది ఐదో పుస్తకం.

కిందటేడు దీపావళికి ముందు కాకినాడలో అక్కావాళ్లింటికి వెళ్లాను. మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. డల్లాస్ నుంచి వెళ్లినవాడికి అక్కడ రాత్రి రెండు గంటలంటే ఒంటికి ఇంకా పట్టపగలే. అందరూ పడుకున్నారు. హాల్లో టీపాయ్ కింద ఆ పుస్తకాల కట్ట కనిపిస్తే తీసి చదవడం మొదలుపెట్టాను. తెల్లారి పాలబ్బాయి గంట కొట్టేదాకా చదువుతూనే ఉన్నాను.

"పొద్దున షుగరు 212. రాత్రి పెళ్లి భోజనం వల్ల." "ఫిజియో అమ్మాయి రాలేదు. నేనే చేయించాను. అమ్మ నాలుగడుగులు వేసింది." "నాన్న లైఫ్ సర్టిఫికెట్. వేలిముద్ర పడలేదు. రేపు మళ్లీ వెళ్లాలి. సీఎల్ లేదు." "అమ్మ మధ్యాహ్నం ఏడ్చింది. అడిగితే చెప్పలేదు." "నాన్న మెట్ల దగ్గర తూలిపడ్డారు. ఎక్స్‌రే తీయించాం. ఏమీ లేదు. తమ్ముడికి చెప్పలేదు."

ఆ చివరి మాట దగ్గర ఆగిపోయాను. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పాను. "జ్వరం 103. తమ్ముడికి చెప్పలేదు." "రాత్రంతా హాస్పిటల్లోనే. తమ్ముడికి చెప్పలేదు, పాపకి పరీక్షలు." అన్ని పుస్తకాల్లో కలిపి పదిహేడు చోట్ల ఉంది ఆ మాట. ఆ తేదీల్లో చాలావాటికి నేను ఫోన్ చేసే ఉంటాను. "అందరూ బాగున్నారా అక్కా" అని అడిగే ఉంటాను. "అంతా బాగున్నార్రా, నువ్వు తిన్నావా" అని తను అనే ఉంటుంది.

పరదేశంలో ఉన్న మనలో చాలామందిమి అమ్మానాన్నల్ని మనం చూసుకుంటున్నాం అనుకుంటాం. డబ్బు పంపుతాం, వారానికి రెండుసార్లు వీడియోలో మాట్లాడతాం, రెండేళ్లకోసారి వెళ్తాం. అవన్నీ అవసరమే. కానీ రాత్రి రెండింటికి అమ్మని మంచం మీంచి లేపి బాత్రూముకి తీసుకెళ్లేది ఒక మనిషి. చాలా ఇళ్లలో ఆ మనిషి మన అక్కో చెల్లెలో. ఆమెకి మనం బాకీ ఉన్నాం. ఆ బాకీ రాఖీ పౌర్ణమి నాడు పెట్టే ఫోటోతోనో, సంక్రాంతికి పంపే చీరతోనో తీరదన్నది నేను చెప్పదలుచుకున్న సంగతి.

1998లో నేను అమెరికా వచ్చినప్పుడు అక్క ఎయిర్ లెటర్లు రాసేది. ఫోన్ కార్డు మీద నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడే రోజులవి. అమ్మకి రాయడం బద్ధకం, నాన్నకి రెండు వాక్యాల కంటే ఎక్కువ రాదు. ఆదివారం అక్క రాజమండ్రి వచ్చి, అమ్మ పక్కన కూర్చుని, అమ్మ చెబుతుంటే ఆ నీలం కాగితం మీద రాసేది. అంచుల్లో మిగిలిన ఖాళీలో నిలువుగా తన సొంత మాట ఒకటి రాసేది. మా ఇంటి గురించి నాకు తెలిసిందంతా దాదాపు ముప్పై ఏళ్లుగా అక్క చేతిరాతలోనే తెలిసింది. తను ఏం రాస్తే అదే తెలిసింది. ఆ రాత్రి పుస్తకం చదువుతుంటే, తను రాయకుండా దాచినవి ఆ నీలం కాగితాల రోజుల్లోనూ ఎన్ని ఉండి ఉంటాయో అనిపించింది.

ఈ మధ్యకాలంలో మన ఇళ్లలో మార్పులు చప్పుడు లేకుండా వచ్చాయి. పెళ్లయిన కూతురి ఇంట్లో అమ్మానాన్నలు మంచినీళ్లు కూడా ముట్టకూడదనుకునే రోజులు నేను చూశాను. మా తాతయ్య, మా మేనత్త ఊరు వెళ్తే వీధరుగు మీద కూర్చుని మాట్లాడి వచ్చేసేవారు. నాన్న అంత కాదుగానీ, అమ్మ ఆపరేషన్ అయ్యాక అక్క "మా ఇంటికి వచ్చేయండి" అంటే నెలరోజులు ఒప్పుకోలేదు. "ఆడపిల్ల ఇంట్లో ఎలా ఉంటాం" అన్నారు. ఆ నెలంతా అక్క కాకినాడలో బడికి వెళ్లి, సాయంత్రం బస్సెక్కి రాజమండ్రి వచ్చి, పొద్దున్నే మళ్లీ బయల్దేరేది. గంటన్నర పోవడం, గంటన్నర రావడం. చివరికి బావగారే కారేసుకుని వచ్చి, "మామయ్యగారూ, మీరు రాకపోతే మీ అమ్మాయి మంచం పడుతుంది" అన్నారు. అప్పుడు కదిలారు నాన్న. బావగారి గురించి విడిగా ఒక వ్యాసం రాయాలి. అత్తామామలు తన ఇంట్లో ఏళ్ల తరబడి ఉండటాన్ని ఒక విశేషంగా ఆయన ఏనాడూ మాట్లాడలేదు.

నాన్న రైల్వే పెన్షనరు. ఏటా నవంబరులో తాను బతికే ఉన్నట్టు సర్టిఫికెట్ ఇవ్వాలి, ఎనభై దాటినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ సర్టిఫికెట్ వచ్చాక వేలిముద్ర వేస్తే చాలన్నారు. కానీ ఆ వయసులో వేళ్ల గీతలు అరిగిపోతాయి, మెషిను పట్టుకోదు. పుస్తకంలో ఒక నవంబరు పేజీలో మూడు రోజులు వరసగా "వేలిముద్ర పడలేదు" అని ఉంది. ఇప్పుడు ఫోన్‌కి ముఖం చూపించి ఇంట్లోనే ఇచ్చేయొచ్చు. ఈ సంగతి నేను ఇక్కడ కూర్చుని పది నిమిషాల్లో తెలుసుకున్నాను. ఆ పది నిమిషాలు మూడేళ్ల ముందు పెట్టి ఉంటే అక్కకి మూడు సెలవులు మిగిలేవి.

అలాంటివి ఇంకా ఎన్నో. నాన్న బ్యాంకు ఖాతాకి అక్క నంబరు ఇచ్చాం, ఓటీపీలు ఆయనకి కనపడవని. ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుంటే ఓటీపీ వస్తుంది, ఇటు నుంచి నేను "అక్కా, నంబరు చెప్పు" అని ఫోన్ చేస్తాను. నేను విశాఖపట్నంలో కొన్న ఫ్లాట్‌కి పన్ను కట్టేదీ, అద్దెవాళ్లు పంపు పాడైందని ఫోన్ చేస్తే మాట్లాడేదీ తనే. ఇక్కడి నుంచి పవరాఫ్ అటార్నీ పంపితే, అది చేరిన మూడు నెలల్లో అక్కడ స్టాంపు వేయించాలి. రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ ఆ తిరుగుడూ తనదే. అమ్మానాన్నల పని సరే, అది ఇద్దరిదీ. నా ఆస్తి పని తన నెత్తిన ఎప్పుడు పెట్టానో నాకే గుర్తులేదు. అడిగినట్టు కూడా గుర్తులేదు.

మనం అక్కాచెల్లెళ్లని బాగా పొగుడుతాం. "మా అక్క దేవత", "మా చెల్లి మాకు రెండో అమ్మ". ఇక్కడి మన తెలుగు సంఘం సభల్లో మైకు ముందు నేనే అన్నాను ఒకసారి, కళ్లు తడిపెట్టుకుని. ఆ వీడియో అక్కకి పంపాను. చూసి, "బాగా మాట్లాడావురా. ఈ దేవతకి నడుం నొప్పి, ఎల్లుండి స్కానింగ్" అంది. తను మామూలుగానే అంది, ఎత్తిపొడుపు లేదు. నాకు మాత్రం అప్పుడు అర్థమైంది. ఒకరిని దేవతని చేసేస్తే, ఆ పని ఆమెకి సహజంగా వచ్చేదని, అలసటే ఉండదని మనకి మనం చెప్పుకుంటాం. అలసిపోయే మనిషి అనుకుంటేనే పని పంచుకోవాలన్న ఆలోచన వస్తుంది.

ఇక్కడి చట్టంలో ఒక సంగతి నన్ను చాలా బాధపెట్టింది. 2017లో అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్ కింద సెలవు పెట్టుకుని వెళ్లాను. 1993లో వచ్చిన ఈ చట్టం పెద్ద కంపెనీల్లో చేసేవాళ్లకి జీతం లేకుండా పన్నెండు వారాల దాకా సెలవు ఇస్తుంది, ఉద్యోగం పోదు. భర్తకి గానీ భార్యకి గానీ, పిల్లలకి, తల్లిదండ్రులకి జబ్బు చేస్తే వాడుకోవచ్చు. తర్వాత అక్కకే గాల్‌బ్లాడర్ ఆపరేషన్ పడింది. అప్పుడు తెలిసింది, ఆ జాబితాలో తోబుట్టువులు లేరని. ఉన్న నాలుగు రోజుల వెకేషన్‌తో వెళ్లి వచ్చాను. వాళ్లని ఇక్కడికి పిలిపించుకునే దారి ఉంది గానీ, పౌరుల తోబుట్టువుల కోటాలో మన దేశం వాళ్లకి వరుస పదిహేనేళ్లు దాటిపోతుంది. అమ్మ కోసం పన్నెండు వారాలు ఇచ్చే చట్టానికి, ఆ అమ్మని మోస్తున్న అక్క నాకు కుటుంబం కాదు.

అయితే వేరే దేశపు చట్టాన్ని తప్పుపట్టే ముందు మన ఇళ్లలో జరిగేది చూసుకోవాలి. ఇది చాలామందికి ఇబ్బందిగా ఉంటుందని తెలిసే రాస్తున్నాను.

ఆడపిల్లకి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన విషయంలో మనం దేశానికి దారి చూపించినవాళ్లం. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉండగా 1986లో హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచే వర్తింపజేశారు. ఆ తేదీకి పెళ్లికాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అలాంటి చట్టాలు చేశాయి. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9న వచ్చింది, పెళ్లయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న వివాదాన్ని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఉండనక్కర్లేదంది.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా ఇళ్లలో జరిగేది వేరు. "పెళ్లికి పెట్టాం కదా", "పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా" అని చెప్పి హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. మా మేనత్త పెళ్లి 1968లో అయింది. 2001లో తాతయ్య కొబ్బరితోటని నాన్న, బాబాయి పంచుకుని రిజిస్టరు చేయించుకున్నారు. అత్తకి పట్టుచీర పెట్టారు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను 2005 చట్టం కదిలించదు, కాబట్టి అత్త కథ ఆ చీరతోనే అయిపోయింది. ఆవిడ చివరిదాకా ఆ చీర పండగలకి కట్టుకుంది.

2019లో బంధువు ఒకాయన నాన్నకి చెప్పారు, అమ్మాయి చేత ఇప్పుడే సంతకం పెట్టించేస్తే అబ్బాయికి ముందు ముందు ఇబ్బంది ఉండదని. కాగితాలు కూడా తయారయ్యాయి. అక్క ఫోన్ చేసి, "నాకెందుకురా, సంతకమేగా, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను" అంది. నేను వద్దని చెప్పలేదు. చూద్దాంలే అన్నాను. రెండు నెలలు అలాగే నానబెట్టాను. అమ్మానాన్నలు అప్పటికి రెండేళ్లుగా అక్క ఇంట్లోనే ఉన్నారు. ఆ రెండు నెలల మౌనానికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

నన్ను కదిలించింది నా భార్య. ఒకరోజు రాత్రి అంట్లు తోముతూ, "మా అన్నయ్యలు నాచేత అలాగే పెట్టించుకున్నారు. ఎవరూ బలవంతం చేయలేదు. అడగకుండా ఉంటే బాగుండు అనిపించింది, అంతే" అంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మాట తను నాతో అనడం అదే మొదలు. మర్నాడే నాన్నకి ఫోన్ చేశాను. ఆ కాగితాలు చింపేయమన్నాను. రాజమండ్రి ఇల్లు నాన్న స్వార్జితం కాబట్టి వీలునామాలో చెరిసగం రాయమన్నాను, తోటలో ఎలాగూ అక్కకి హక్కు ఉంది. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నీకిష్టమైతే నాకేం" అన్నారు. వీలునామా రిజిస్టరైంది.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చూడండి. అందులో 'పిల్లలు' అంటే కొడుకులూ కూతుళ్లూ ఇద్దరూ. బాధ్యత దగ్గర కూతుర్ని లెక్కలోకి తీసుకోవడానికి మనకి ఏ అభ్యంతరమూ రాలేదు. వాటా దగ్గర ఎందుకు వస్తోంది? మన సంఘంలో పన్నుల మీద, పెట్టుబడుల మీద ఏటా సదస్సులు పెడుతున్నాం. ఇండియా ఆస్తుల గురించి మాట్లాడే సదస్సులో ఈ విషయం కూడా పెట్టండి. విడుదల పత్రం ఎలా రాయించాలన్న ప్రశ్నకి జవాబు చెప్పే లాయరుగారు, ఎందుకు రాయించుకోకూడదో కూడా చెప్పాలి.

కొన్ని ఇళ్లలో ఈ బరువు మోసేది వదిన, లేదా తమ్ముడి భార్య. పుట్టింటి మనిషి కూడా కాదు, అయినా చేస్తోంది. నేను రాసిందంతా ఆమెకి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. ఆమె పేరు ఏ వీలునామాలోనూ ఉండదు.

ఆ పుస్తకాలు చదివిన పొద్దున్న అక్కని అడిగాను, నాకెందుకు చెప్పలేదని. కాఫీ వడకడుతూ, "చెబితే అక్కణ్ణుంచి నువ్వేం చేస్తావురా, టెన్షన్ పడటం తప్ప" అంది. ఆ మాట నాలుగు రోజులు నా వెంట తిరిగింది. అక్కణ్ణుంచి నేనేం చేయగలను అన్నదాన్ని నిజంగా ప్రశ్నగా తీసుకుంటే, జవాబులు చాలానే ఉన్నాయి. అమ్మ రాత్రిళ్లు నిద్రపోదు. పదకొండు నుంచి మూడింటిదాకా ఐదారుసార్లు అక్కని పిలుస్తుంది, చాలాసార్లు ఊరికే, ఎవరైనా ఉన్నారా అని. అక్కడ రాత్రి పదకొండంటే మాకు ఇక్కడ పగలు పన్నెండున్నర, చలికాలంలో పదకొండున్నర. మంచం పక్కన ఒక ట్యాబ్ పెట్టాం. వారంలో నాలుగు రాత్రులు అది నా డ్యూటీ. అమ్మ పిలిస్తే నేను పలుకుతాను, పని చేసుకుంటూనే మాట్లాడతాను. నిజంగా లేవాల్సి వస్తేనే అక్కకి ఫోన్ కొడతాను. మొదట్లో అమ్మ ఒప్పుకోలేదు, "నువ్వు ఆఫీసు చేసుకో నాయనా" అని ఆపేసేది. రెండు నెలలకి అలవాటైంది. ఇప్పుడు నాకు తన చిన్నప్పటి కబుర్లు చెబుతోంది, నేనెప్పుడూ విననివి. మందుల ఆర్డర్లు, డాక్టరు అపాయింట్‌మెంట్లు, ఇన్సూరెన్సు కాగితాలు, కరెంటు బిల్లు ఇటు వచ్చేశాయి. నా ఫ్లాట్ పనికి విశాఖపట్నంలోనే డబ్బిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నాను. ఇందులో గొప్పేమీ లేదు. ఇది 2017లోనే జరగాల్సింది.

దీపావళి వెళ్లిన రెండో రోజు, కార్తీక శుద్ధ విదియ, భగినీ హస్త భోజనం. యమున ఎన్నిసార్లు పిలిచినా పనుల్లో పడి వెళ్లలేకపోయిన యముడు, చివరికి ఆ రోజు చెల్లెలి ఇంటికి వెళ్లి ఆమె చేతి అన్నం తిన్నాడని చెబుతారు. రాఖీకి అక్కాచెల్లెళ్లు కడతారు, మనం చెయ్యి చాస్తే చాలు. ఈ పండక్కి మాత్రం అన్నదమ్ములే కదిలి వెళ్లాలి. పిల్లల సెలవుల లెక్కన ఎప్పుడూ ఎండాకాలమో డిసెంబరో వెళ్లే మనకి కార్తీకం దొరకదు. ఇరవై ఆరేళ్ల తర్వాత మొదటిసారి ఆ రోజు అక్క ఇంట్లో పీట మీద కూర్చున్నాను. పనసపొట్టు కూర చేసింది. నాకిష్టమని తనకి గుర్తుంది. తనకేం ఇష్టమో నాకు వెంటనే గుర్తు రాలేదు, బావగారిని అడిగి తెలుసుకున్నాను.

అక్కకి కాశీ వెళ్లి తొమ్మిది నిద్రలు చేయాలని ఎన్నాళ్లుగానో కోరిక. అమ్మని వదిలి ఎలా అని వాయిదా వేస్తూ వచ్చింది. అక్కకీ బావగారికీ టికెట్లు తీశాను. వెళ్లేముందు పుస్తకం నా చేతికిచ్చి, ఏ కాలమ్‌లో ఏం రాయాలో పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. తొమ్మిది రోజులు నేను రాశాను. అమ్మ షుగరు, నాన్న బీపీ, ఎవరు ఎన్ని గంటలు పడుకున్నారు అన్నీ. ఏడో రోజు సాయంత్రం నాన్న మంచం దిగుతూ ఒరిగిపోయారు. పట్టుకున్నాను, దెబ్బ తగల్లేదు. ఫోన్ తీశాను. అది అక్కావాళ్లు హారతి చూడటానికి ఘాట్‌కి వెళ్లే వేళ. కాసేపు ఫోన్ పట్టుకుని ఉండి, పక్కన పెట్టేశాను.

వచ్చిన రోజు సంచీ కూడా దించకుండా పుస్తకం అడిగింది. నిలబడే చదివింది. "రెండు రోజులు ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో రాయలేదేంట్రా" అంది. తర్వాత ఏడో రోజు పేజీ దగ్గర ఆగింది.

"ఆ రాత్రి ఫోన్లో మాట్లాడావు కదా. ఏమీ అనలేదే?"

"నువ్వు గంగ ఒడ్డున ఉన్నావు కదా అక్కా" అన్నాను.

తనేమీ అనలేదు. పెన్ను తీసుకుని, నా రాత కింద ఆ రోజు తేదీ వేసి, లోపలికి వెళ్లి అమ్మ వేలికి సూది గుచ్చి చూసి వచ్చి రాసింది. షుగరు 138.